ఫ్యూజన్ కరెంటు: మనం సొంత రియాక్టర్ ఇప్పుడే మొదలుపెట్టాలా, ముందు స్టీలు, ట్రీషియం సంగతి తేల్చుకోవాలా?

కృష్ణలంక_ఫిజిక్స్

గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గర భాట్ అనే ఊళ్లో ప్లాస్మా పరిశోధన సంస్థ ఉంది. అందరూ ఐపీఆర్ అంటారు. అక్కడి శాస్త్రవేత్తలు 2025లో దేశానికి ఒక ఫ్యూజన్ (తేలిక కేంద్రకాలను కలిపి శక్తి తీసే పద్ధతి) ప్రణాళిక ప్రతిపాదించారు. ముందు ఎస్‌ఎస్‌టీ-భారత్ అనే రియాక్టర్ కట్టాలి. అందులో వచ్చే 130 మెగావాట్లలో 100 మెగావాట్లు మామూలు అణు విచ్ఛిత్తి (ఫిషన్) నుంచే వస్తాయి, మిగతాది ఫ్యూజన్ నుంచి. ఖర్చు సుమారు 25 వేల కోట్ల రూపాయలని అంచనా. ఆ తరవాత 2060 నాటికి 250 మెగావాట్ల ప్రదర్శన రియాక్టర్. ప్రస్తుతానికి ఇది ప్రతిపాదన. కానీ దీని మీద మాట్లాడుకోవాల్సిన సమయం ఇదే. డబ్బు మంజూరయ్యాక మాట్లాడి లాభం లేదు.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఫ్యూజన్ మీద నాకు నమ్మకం ఉంది. నా అభ్యంతరమంతా ఏది ముందు, ఏది వెనక అన్న దాని మీదే.

ప్లాస్మాను, అంటే విద్యుదావేశమున్న అతివేడి వాయువును, వేడెక్కించి అయస్కాంతాలతో పట్టి ఉంచగలమా అన్న ప్రశ్న యాభై ఏళ్లు మనల్ని వేధించింది. ఇప్పుడు దానికి చాలావరకు జవాబు దొరికింది. ఇంగ్లండ్‌లోని జెట్ యంత్రం 2023లో తన చివరి ప్రయోగాల్లో 0.2 మిల్లీగ్రాముల ఇంధనం నుంచి 69 మెగాజౌళ్ల శక్తి తీసింది. ఫ్రాన్స్‌లోని వెస్ట్ యంత్రం 2025 ఫిబ్రవరిలో ప్లాస్మాను 1,337 సెకన్లు నిలబెట్టింది.

అసలు చిక్కు ప్లాస్మా గోడ దాటాక మొదలవుతుంది. హైడ్రోజన్‌కు బరువైన రూపాలైన డ్యుటీరియం, ట్రీషియం కలిసినప్పుడు హీలియం, ఒక న్యూట్రాన్ పుడతాయి. పుట్టిన శక్తిలో ఐదింట నాలుగు వంతులు ఆ న్యూట్రాన్ పట్టుకుపోతుంది. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి అయస్కాంతం దాన్ని ఆపలేదు. నేరుగా వెళ్లి గోడలోని స్టీలును కొడుతుంది. ఏళ్ల తరబడి ఆ దెబ్బలు తిన్న స్టీలు ఏమవుతుందో పూర్తిగా పరీక్షించే సదుపాయం ఈరోజుకీ ప్రపంచంలో ఎక్కడా లేదు. స్పెయిన్‌లో గ్రనడా దగ్గర డోన్స్ పేరుతో ఒకటి కడుతున్నారు.

అందుకే నేననేది, 25 వేల కోట్ల యంత్రం కన్నా ముందు స్టీలు మీద, ట్రీషియం మీద ఖర్చు పెట్టాలని. మీరంతా ఏమంటారు?

లోడ్‌డెస్పాచ్_రిటైర్డ్

నేను రాష్ట్ర లోడ్ డెస్పాచ్ సెంటర్‌లో చాలా ఏళ్లు షిఫ్టు డ్యూటీ చేసి రిటైరయ్యాను. శాస్త్రం సంగతి మీకు వదిలేస్తాను. గ్రిడ్ వైపు నుంచి ఎలా కనబడుతుందో చెబుతాను.

69 మెగాజౌళ్లంటే ఎంత? మీటర్ భాషలో 19 యూనిట్లు. ఒక ఇంట్లో ఏసీ, ఫ్రిజ్ నడిస్తే రెండు రోజులకు సరిపోతుంది. పైగా అది వేడి, కరెంటు కాదు. దాన్ని పుట్టించడానికి అంతకన్నా ఎక్కువే లోపలికి పంపారు. 2022 డిసెంబరులో అమెరికాలోని లేజర్ ప్రయోగశాల ఎన్‌ఐఎఫ్ గురించి పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి. 2.05 మెగాజౌళ్లు ఇస్తే 3.15 వచ్చాయన్నారు. 3.15 అంటే ఒక యూనిట్ కూడా కాదు. ఆ లేజర్లు ఒక్కసారి వెలగడానికి గ్రిడ్ నుంచి తీసుకున్నది 300 మెగాజౌళ్లు, అంటే 80 యూనిట్ల పైమాట. ఈ రెండో అంకె చాలామంది రాయలేదు.

ఫ్రాన్స్‌లో చాలా దేశాలు కలిసి కడుతున్న ఐటర్ రియాక్టర్ సంగతీ అంతే. 50 మెగావాట్లు లోపలికి పంపి 500 తీస్తారని చెబుతారు. ఆ 500 వేడి. దాన్ని టర్బైన్‌కి ఇస్తే, 40 శాతం సామర్థ్యం అనుకున్నా 200 మెగావాట్ల కరెంటు. ఐటర్‌లో అసలు టర్బైనే లేదు, అది వేరే విషయం. ఊరికే నిలబడి ఉండటానికే ఆ ప్రాంగణానికి 110 మెగావాట్లు కావాలి. ప్లాస్మా నడిచేటప్పుడు ఓ అర నిమిషం పాటు 620 మెగావాట్ల దాకా లాగుతుంది. అంత లోడు ఒక్కసారిగా ఎక్కి దిగితే గ్రిడ్‌కి ఎంత టెన్షనో కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లకి తెలుసు.

మాకు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90 హెర్ట్జ్‌కీ 50.05కీ మధ్య ఉండాలి. సాయంత్రం పొద్దు గూకుతుంటే సోలార్ అంతా గంటన్నరలో కిందికి జారిపోతుంది. అదే వేళకి ఇళ్లలో లైట్లు, ఏసీలు, వీధుల్లో దుకాణాలు. అప్పుడు శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రానికి ఫోన్ చేస్తే నిమిషాల్లో 150 మెగావాట్ల యూనిట్ లోడు అందుకుంటుంది. నాకు కావలసింది అది. టోకమాక్‌లో, అంటే ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే గారె ఆకారపు యంత్రంలో, ప్లాస్మా అదుపు తప్పితే సెకనులో వెయ్యోవంతుల్లో ఆరిపోతుందట. వెయ్యి మెగావాట్ల కేంద్రం అలా ట్రిప్ అయితే ఆ లోటు ఎవరు పూడుస్తారు? ఆ వెయ్యికీ పక్కన ఇంకో ఏర్పాటు సిద్ధంగా ఉంచుకోవాలి కదా.

సీమ_సోలార్

లోడ్‌డెస్పాచ్ గారి మాటే నాదీ. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017కల్లా పూర్తయింది. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ చేపట్టారు. పగటి ఎండతో నీళ్లు పైకెక్కించి రాత్రికి దించుకోవచ్చు. సూర్యుడు కూడా ఫ్యూజన్ రియాక్టరే, అద్దె అడగడు. 25 వేల కోట్లు ఉంటే ఇలాంటి వాటికి పెట్టండి.

టోకమాక్_విద్యార్థి

కొంచెం గట్టిగానే అడ్డం చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

సోలార్, పంప్డ్ స్టోరేజీ ఇప్పుడు లాభాలు వచ్చే వ్యాపారం. వాటికి పెట్టుబడి పెట్టడానికి కంపెనీలు వరసలో ఉన్నాయి. పరిశోధన డబ్బు అక్కడికి మళ్లిస్తే అదనంగా వచ్చేది చాలా తక్కువ. ఇక్కడి డబ్బు ఆపితే మాత్రం ఒక తరం మనుషులు పోతారు.

ఆదిత్య టోకమాక్ 1989లో మొదలైంది. అతివాహక (కరెంటుకు నిరోధం లేని) అయస్కాంతాలతో కట్టిన ఎస్‌ఎస్‌టీ-1లో తొలి ప్లాస్మా 2013లో వచ్చింది. ఆ తరవాత మనం కొత్తగా కట్టిన పెద్ద యంత్రం లేదు. ఐటర్‌లో మన వాటా దాదాపు తొమ్మిది శాతం, అది గొప్ప విషయమే. కానీ ఐటర్ షెడ్యూల్ చూడండి. తొలి ప్లాస్మా 2016 అన్నారు, ఆ తరవాత 2025 అన్నారు. 2024లో మళ్లీ మార్చి, 2034లో పరిశోధన మొదలవుతుందని, అసలు ఇంధనంతో నడపడం 2039లో అని చెప్పారు. ఇప్పుడు పీహెచ్‌డీలో చేరే అమ్మాయి డ్యుటీరియం-ట్రీషియం ప్లాస్మాను చూసేసరికి ఆమెకు నలభై దగ్గరపడుతుంది.

ఈలోగా చైనా హెఫేలో ఈస్ట్ యంత్రాన్ని 2025 జనవరిలో 1,066 సెకన్లు నడిపింది. అక్కడే బెస్ట్ అనే కొత్త రియాక్టర్ కడుతోంది, 2027కి పూర్తిచేయాలని పట్టుదలగా ఉంది. వాళ్లు స్టీలు పరీక్షలయ్యే దాకా ఆగలేదు. రెండూ పక్కపక్కనే నడుపుతున్నారు. యంత్రం నడిపితేనే మనుషులు తయారవుతారు సార్. వాక్యూమ్ లీక్ ఎక్కడుందో వెతకడం, రాత్రి రెండు గంటలకు హీలియం ప్లాంటు ఆగిపోతే చల్లదనం పోకుండా కాయడం, ఇవి పేపర్లు చదివి వచ్చేవి కావు.

మంజీరా_వెల్డింగ్

ఈ చర్చలో వర్క్‌షాపు మనిషి ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను. నేను ప్రెజర్ వెసల్స్ ఫ్యాబ్రికేషన్‌లో వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ని. ఐటర్ పనిలో నేను లేను. కానీ మా లైన్లో ఆ క్రయోస్టాట్ గురించి తెలియనివాడు ఉండడు.

క్రయోస్టాట్ అంటే రియాక్టర్ మొత్తాన్ని లోపల పెట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర. 3,850 టన్నులు. ఎత్తు, వెడల్పు ఒక్కోటి 30 మీటర్లకు దరిదాపు. గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ తయారుచేసింది. ఒక్క ముక్కగా ఓడ ఎక్కదు కాబట్టి 54 భాగాలుగా చేసి పంపి, ఫ్రాన్స్‌లో సైటు దగ్గరే షెడ్డు వేసి అతికారు. అడుగు భాగమే 1,250 టన్నులు. 2020 మేలో గుంతలోకి దించారు.

బయటివాళ్లకు ఇది పెద్ద డబ్బాలా కనబడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగ్ వేడికి గుంజుకుంటుంది. అంత పొడవు అతుకులో ఒక వైపు ముందు వేస్తే రెండో వైపు మిల్లీమీటర్ల కొద్దీ లేచిపోతుంది. అందుకని రెండు వైపులా మార్చి మార్చి, కొంచెం కొంచెంగా వేసుకుంటూ, ప్రతి దశలో కొలుచుకుంటూ పోవాలి. ఆ అతుకులోంచి గాలి పోకూడదు. కంటికి కనబడని సందు ఉన్నా వాక్యూమ్ నిలవదు. ఆ సందును హీలియంతో వెతికి పట్టుకోవాలి.

ఇదే ఐటర్‌లో వేరే దేశాల నుంచి వచ్చిన వాక్యూమ్ పాత్ర ముక్కల అంచులు సరిగా కలవలేదు. వేడిని అడ్డుకునే థర్మల్ షీల్డుకు అతికిన చల్లదనం పైపుల్లో తుప్పు పట్టి పగుళ్లు వచ్చాయి. 2022లో ఇవి బయటపడ్డాక విప్పి బాగుచేయాల్సి వచ్చింది. షెడ్యూల్ జారడానికి అదొక కారణం. కాబట్టి మన షాపుల్లో ఉన్న చేతి పనిని తక్కువ చేయకండి. ఆ పని ఆర్డరు లేక ఆగిపోతే పదేళ్లలో మనుషులు వేరే పనుల్లోకి వెళ్లిపోతారు. విద్యార్థి చెప్పింది ల్యాబ్ మనుషుల గురించి. మా దగ్గరా అంతే.

కృష్ణలంక_ఫిజిక్స్

మంజీరా గారూ, మీ పోస్టు నా వాదానికే బలం. మీ పక్కనే హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిధాని ఉంది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం వాళ్లతో కలిసి ఫ్యూజన్ కోసమే ఒక స్టీలు తయారుచేశారు. 9 శాతం క్రోమియం, 1.4 శాతం టంగ్‌స్టన్, కొద్దిపాటి టాంటలం. మామూలు బాయిలర్ స్టీలులో బలం కోసం మాలిబ్డినం, నయోబియం వేస్తారు. న్యూట్రాన్ తగిలితే అవి చాలాకాలం రేడియోధార్మికంగా ఉండిపోతాయి. వాటి చోట టంగ్‌స్టన్, టాంటలం వేస్తే రియాక్టర్ మూసేశాక ఆ స్టీలులో రేడియోధార్మికత తొందరగా తగ్గుతుంది. ఇది మన తెలుగు గడ్డ మీద కరిగించి పోసిన లోహం. దీని మీద ఇంకా చేయాల్సిన పని ఎంతో ఉంది. వెల్డింగ్ చేసిన చోట అది ఎలా ఉంటుంది, న్యూట్రాన్ దెబ్బలకు ఎంత పెళుసవుతుంది, లోపల హీలియం బుడగలు ఎలా పుడతాయి, ఈ మూడూ తేలితే ప్రపంచంలో ఏ రియాక్టర్ కట్టేవాడైనా మన గుమ్మం తొక్కుతాడు.

ఇక ట్రీషియం. సముద్రపు నీటి నుంచి అంతులేని ఇంధనం అని రాసేవాళ్లు సగమే చెబుతున్నారు. డ్యుటీరియం వరకు అది నిజం. దాని గురించి మనకు అస్సలు బెంగ లేదు, గోదావరి ఒడ్డున మణుగూరులో భారజల (డ్యుటీరియంతో కూడిన నీటి) కర్మాగారం నడుస్తోంది. ట్రీషియం అలా కాదు. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు కాబట్టి ప్రకృతిలో పోగుపడి ఉండదు. వెయ్యి మెగావాట్ల ఫ్యూజన్ వేడి ఏడాది పొడుగునా రావాలంటే 55 కిలోల పైచిలుకు ట్రీషియం కావాలి. అది వేడి లెక్క. వెయ్యి మెగావాట్ల కరెంటు కావాలంటే దానికి రెండున్నర రెట్ల పైమాటే. ప్రపంచంలో పౌర అవసరాలకు ఉన్న నిల్వ పాతిక, ముప్పై కిలోలు. ఎక్కువ భాగం కెనడా భారజల రియాక్టర్ల నుంచి వచ్చింది. వాడినా వాడకపోయినా ఏటా ఐదు శాతానికి పైగా తరిగిపోతుంది.

కాబట్టి రియాక్టరే తన ట్రీషియం తాను పుట్టించుకోవాలి. గోడ వెనక లిథియం పొర పెడతారు. న్యూట్రాన్ లిథియం-6ని తాకితే ట్రీషియం పుడుతుంది. ప్రకృతిలో దొరికే లిథియంలో లిథియం-6 ఏడున్నర శాతమే. ఒక ట్రీషియం కాలిస్తే ఒక్కటే న్యూట్రాన్ వస్తుంది, ఆ ఒక్కదాంతో ఒకటి కన్నా ఎక్కువ ట్రీషియం పుట్టించాలి. గోడలో కిటికీలుంటాయి, వేడెక్కించే గొట్టాలుంటాయి, కొన్ని న్యూట్రాన్లు స్టీలులోనే ఇంకిపోతాయి. అందుకే న్యూట్రాన్ల సంఖ్య పెంచడానికి సీసమో బెరీలియమో కలుపుతారు. ఐపీఆర్ వాళ్లు సీసం-లిథియం ద్రవం, పింగాణీ గుళికలు కలిపిన ఒక డిజైన్ మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. నడుస్తున్న ఫ్యూజన్ యంత్రంలో ఇలాంటి పొర పెట్టి, ట్రీషియం తీసి, మళ్లీ ఇంధనంగా వాడి చూపించినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు.

మన భారజల రియాక్టర్లలోనూ ట్రీషియం పుడుతుంది. కైగా, కక్రపార్, రావత్‌భాటా, నరోరా, ఇవన్నీ ఆ జాతివే. ఆ భారజలం నుంచి ట్రీషియం వేరుచేసి దాచిపెట్టే పెద్ద ఏర్పాటు మనం చేసుకోవాలి. అది లేకుండా రియాక్టర్ కడితే ట్రీషియం కోసం ఇంకో దేశం ముందు చెయ్యి చాపాలి.

బోస్టన్_గుంటూరు

నేను మాసచూసెట్స్‌లో ఉంటాను, మాగ్నెట్ల రంగంలో ఇంజినీర్‌ని. మీ అందరి వాదనలోనూ ఒక సంగతి తప్పిపోయింది, సైజు.

2021 సెప్టెంబరులో ఎంఐటీ, కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ కలిసి కొత్త రకం అతివాహక టేపుతో చుట్టిన పెద్ద అయస్కాంతాన్ని 20 టెస్లాల దాకా తీసుకెళ్లాయి. అయస్కాంత బలం రెట్టింపైతే ఫ్యూజన్ శక్తి పదహారు రెట్లవుతుంది, మిగతావన్నీ సమానమనుకుంటే. దాంతో వాళ్లు కడుతున్న స్పార్క్ యంత్రం వ్యాసార్ధం 1.85 మీటర్లకు దిగింది. ఐటర్‌ది 6.2 మీటర్లు. చిన్న యంత్రం తొందరగా కట్టొచ్చు, తప్పయితే తొందరగా మార్చుకోవచ్చు. స్పార్క్ 2027లో నడవాలని లక్ష్యం. ఆ తరవాత వర్జీనియాలో 400 మెగావాట్ల ఆర్క్. అందులో 200 మెగావాట్లు కొంటామని 2025లో గూగుల్ ఒప్పందం చేసుకుంది. ఆ గూగులే 2025 అక్టోబరులో విశాఖకు పెద్ద డేటా సెంటర్ ప్రకటించింది. రాత్రీ పగలూ ఆగని కరెంటుకు గిరాకీ మన ఇంటి ముందుకే వస్తోంది. ఎండ, నీళ్లతోనే ఆ గిరాకీ అంతా తీరుతుందని నేననుకోను.

లోడ్‌డెస్పాచ్_రిటైర్డ్

బాబూ, ఒప్పందం కాగితం, కరెంటు కాదు. హీలియన్ అనే కంపెనీ 2028కల్లా మైక్రోసాఫ్ట్‌కి ఫ్యూజన్ కరెంటు ఇస్తానని 2023లో సంతకం పెట్టింది. ఇస్తే నేనే ముందు చప్పట్లు కొడతాను.

ధర గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఇంధనం చవకైతే కరెంటు చవకవుతుందని అనుకుంటున్నారు. మామూలు అణు కేంద్రంలోనే యూనిట్ ధరలో ఇంధనం వాటా తక్కువ. అసలు బరువు కట్టడానికి పెట్టిన డబ్బుది, దాని వడ్డీది. ఫ్యూజన్ కేంద్రంలోనూ చివరికి ఆవిరి, టర్బైన్, కూలింగ్ టవర్ ఉంటాయి. వాటికి తోడు మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాల్సిన అయస్కాంతాలు, కొన్నేళ్లకోసారి రోబోలతో మార్చాల్సిన లోపలి గోడ. ఆ గోడ మార్చినన్ని నెలలూ కేంద్రం ఆగిపోతుంది. వడ్డీ ఆగదు.

కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ అనే కొత్త రకం అణు రియాక్టర్ 500 మెగావాట్లది. 2004లో పని మొదలైతే, కోర్ నింపడం మొదలైంది 2024 మార్చిలో. మన వాళ్ల తెలివి మీద నాకు అనుమానం లేదు. కొత్త రకం యంత్రం తొలిసారి కడితే ఇలాగే ఉంటుంది. ఎస్‌ఎస్‌టీ-భారత్‌లో ఫిషన్, ఫ్యూజన్ రెండూ కలిపారు. అంటే రెండింటి కష్టాలూ ఒకే కప్పు కింద.

టోకమాక్_విద్యార్థి

ఫిషన్ కలపడం గురించి మీతో ఏకీభవిస్తాను. దానివల్ల భద్రతా అనుమతులు, వాడిన ఇంధనం, భూకంప లెక్కలు అన్నీ మీద పడతాయి. ఫ్యూజన్‌లో ఉన్న పెద్ద మేలు అదుపు తప్పితే తనంతట తానే ఆరిపోవడం. ఆ మేలును మనమే పలచన చేసుకుంటున్నట్టు అవుతుంది. కలిపితే 30 మెగావాట్ల ఫ్యూజన్‌తోనే కరెంటు తీసి చూపించొచ్చు, వాళ్ల ఆలోచన నాకు అర్థమవుతోంది, అయినా నాకు నచ్చలేదు.

కానీ ఆలస్యాన్ని ఆపడానికి కారణంగా చూపించకండి. 1955లో జెనీవాలో అణుశక్తి మీద ఐక్యరాజ్యసమితి తొలి సదస్సుకు అధ్యక్షుడిగా కూర్చున్నది హోమీ భాభా. ఇరవయ్యేళ్లలో ఫ్యూజన్‌ను అదుపులోకి తెచ్చే పద్ధతి దొరుకుతుందని అక్కడ చెప్పారు. ఇరవయ్యేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. అయినా ఆ మాట వల్లే మన దేశంలో ఈ విషయం గురించి ఆలోచించడం మొదలైందని నేను నమ్ముతాను. 1968లో సోవియట్ టోకమాక్ ఫలితాలు చెబితే పడమటి దేశాలు నమ్మలేదు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ నుంచి ఒక బృందం లేజర్ పట్టుకెళ్లి మాస్కోలో కొలిచి చూశాక, అందరూ తమ యంత్రాలు పక్కనపెట్టి టోకమాక్‌లు కట్టారు. అప్పటికి యంత్రం నడపడం వచ్చినవాళ్లే ఆ మలుపు తొందరగా తిరగగలిగారు.

కృష్ణలంక_ఫిజిక్స్

నా మాట సూటిగా చెబుతాను. 25 వేల కోట్లలో మొదటి ఐదారేళ్లు యంత్రానికి ఒక్క రూపాయి కూడా కాంక్రీటులో పోయవద్దు. భారజలం నుంచి ట్రీషియం తీసే ప్లాంటు, మిధాని స్టీలుకు న్యూట్రాన్ పరీక్షలు, సీసం-లిథియం ద్రవం తిరిగే లూపు నిజమైన ఉష్ణోగ్రతలో నెలల తరబడి నడపడం, వీటికి ముందు ఇవ్వండి. డోన్స్‌లో మన నమూనాలు పెట్టుకునేలా ఇప్పుడే బేరం కుదుర్చుకోండి. స్పార్క్ ఏం చూపిస్తుందో ఈలోగా తెలుస్తుంది. లోపలికి పంపిన దానికన్నా ఎక్కువ వస్తే మన డిజైన్ చిన్న సైజుకు మార్చుకుందాం, రాకపోతే ఎందుకు రాలేదో తెలుసుకుని మొదలుపెడదాం. ఈ పనుల్లో ఏదీ వృథా పోదు. ఫ్యూజన్ రాకపోయినా ట్రీషియం ప్లాంటు మన భారజల రియాక్టర్ల సిబ్బందికి రేడియేషన్ తగ్గిస్తుంది.

లోడ్‌డెస్పాచ్_రిటైర్డ్

ఇది నేను ఒప్పుకుంటాను, ఒక్క షరతు మీద. ఈ ఖర్చును విద్యుత్ ప్రణాళికలో ఎక్కడా మెగావాట్లుగా చూపించకూడదు. 2040కి ఇంత, 2050కి ఇంత అని ఫ్యూజన్‌ను లెక్కలో వేసుకుని సోలార్, స్టోరేజీ, లైన్లు వాయిదా వేస్తే చీకట్లో కూర్చునేది జనం. పరిశోధన పద్దు కిందే ఉంచండి.

టోకమాక్_విద్యార్థి

పద్దు మాట సరే. కానీ యంత్రానికి ఒక్క రూపాయీ వద్దన్న దానికి నేను ఒప్పుకోను, కృష్ణలంక సార్. కాంక్రీటు వద్దు, అంతవరకు సరే. కొత్త అతివాహక టేపుతో ఒక పూర్తి సైజు అయస్కాంతమైనా ఈ ఐదేళ్లలో ఇక్కడ చుట్టి, చల్లబరిచి, కరెంటు ఎక్కించి చూడాలి. ఆ టేపును కిలోమీటర్ల పొడవున ఇక్కడే తయారుచేయడం కూడా అందులో భాగం కావాలి. మంజీరా గారి లాంటివాళ్లకు పని, మాలాంటివాళ్లకు యంత్రం అందులోనే ఉన్నాయి. మీ జాబితాలో ఆ నాలుగోది చేర్చండి, సంతకం పెడతాను.